తెల్వదు అనని మనిషి

మా రేవులో జావేదన్న ఉండేవాడు. నాకు పదిహేడేళ్ళు వచ్చేదాకా ఆయన నోట "తెల్వదు" అన్న మాట నేను వినలేదు. మా ఊరివాళ్ళు దాన్ని ఆయన గొప్పతనం అనుకున్నారు. చాలా ఏళ్ళు నేనూ అట్లాగే అనుకున్నాను. ఇప్పుడు మాత్రం ఎవరైనా ఏది అడిగినా తడుముకోకుండా జవాబు చెప్తుంటే నాకు అరికాళ్ళలో చెమట పడుతుంది. అట్లాంటి మనిషి పక్కన నేను కూర్చోలేను, లేచి వచ్చేస్తాను.

మా ఊరు కృష్ణ ఒడ్డున, గద్వాల వైపు ఉంటుంది. ఏటి నడుమ చింతగడ్డ అని ఒక గడ్డ ఉంది. అరవై ఇళ్ళు, నాలుగు దిక్కులా నీళ్ళు, మధ్యలో బంగారం పండే నల్లరేగడి. వానాకాలంలో అక్కడికి పోవాలంటే పుట్టి ఒక్కటే దారి. పుట్టి చూడనివాళ్ళకు చెప్తున్నాను, అది వెదురుతో అల్లి తారు పూసిన గుండ్రటి తొట్టి. దానికి ముందూ ఉండదు, వెనకా ఉండదు. తెడ్డు వేసేవాడు ఒకటి అనుకుంటాడు, ఏరు ఒకటి అనుకుంటుంది. ఇద్దరికీ కుదిరితే మనం ఒడ్డు చేరతాం.

బస్సు ఆగే చోటికీ రేవుకూ నడుమ జావేదన్న సైకిల్ షాపు ఉండేది. అది ఆయన తండ్రి చోటే మియా పెట్టింది. చోటే మియాకు ఉర్దూ అలిఫ్ బే కూడా రాదు, కానీ కొడుకును వనపర్తిలో పెట్టి డిగ్రీ చదివించాడు. కొడుకు పెద్ద ఆఫీసరు అవుతాడని రేవులో అందరికీ చెప్పుకున్నాడు. జావేదన్న కూడా తక్కువ కష్టపడలేదు. గద్వాల లైబ్రరీలో పొద్దున తలుపు తీసేది ఆయన కోసమే, సాయంత్రం మూసేది ఆయన లేచాకే అన్నట్టు చదివాడు. గ్రూప్ టూ మూడుసార్లు రాశాడు. మూడోసారి, నాగర్‌కర్నూలు సెంటర్లో రాసినప్పుడు, రెండు మార్కుల్లో పోయింది. అప్పటికి ఏజ్ కూడా దాటింది. మళ్ళీ వచ్చి తండ్రి పక్కన కూర్చుని ట్యూబులు నీళ్ళలో ముంచడం మొదలుపెట్టాడు.

ఆ రెండు మార్కుల సంగతి నాకు ఆయనే చెప్పాడు, ఒక్కసారి కాదు, వందసార్లు. పరీక్షలో రెండు బిట్లకు ఆయనకు జవాబు తెలియలేదట. తెలియనిదానికి గుండు చుట్టడం ఎందుకని ఖాళీగా వదిలేశాడట.

"ఏదో ఒక గుండు సుట్టుంటే ఇయ్యాల నేను యాడనో ఉంటుంటి సిందూ," అనేవాడు. "నాలుగు గుండ్లు ఉంటయి. ఏ, బి, సి, డి. తెల్వదు అనే గుండు ఉండదు. గది నేను జర లేటుగ తెలుసుకున్న."

ఆ తర్వాత ఆయన జీవితంలో ఏ గుండూ ఖాళీగా వదలలేదు.

షాపు గోడకు ఒక పెద్ద నల్లబోర్డు వేలాడదీశాడు. రోజూ దానిమీద ఒక ప్రశ్న రాసేవాడు. సరైన జవాబు చెప్పినవాళ్ళ సైకిల్‌కు గాలి ఫ్రీ. నాకు సైకిల్ లేకపోయినా రోజూ పోయి జవాబు చెప్పేదాన్ని. మా అమ్మ ఈదమ్మ కూలికి పోయి వచ్చేటప్పుడు నన్ను అక్కడి నుంచే ఇంటికి పిలుచుకుపోయేది. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు, అందుకని అమ్మకు నా చదువంటే ప్రాణం. "జావేదు తలకాయల సగం నీకొస్తే సాలు బిడ్డా," అనేది. ఊర్లో అందరి మాటా అదే. పాసుబుక్కులో తప్పు పడితే జావేదును అడుగు. దవాఖానల మందు చీటీ అర్థం కాకపోతే జావేదును అడుగు. బర్రెకు ఏ దేశం విత్తనం మంచిదో కూడా ఆయన్నే అడిగేవాళ్ళు, ఆయన చెప్పేవాడు.

"తెలివంటే ఏందనుకుంటున్నవ్?" అని నన్ను అడిగాడు ఒకసారి. నేను చెప్పేలోపు తనే చెప్పాడు. "అడిగినోని మాట కింద పడకముందే జవాబు చెప్పుడు. గంతే."

నాకు పదకొండేళ్ళప్పుడు, అంటే 2000లో, ఒక కొంటె పని చేశాను. స్కూల్లో కూర్చుని నాకు నేనే ఒక దేశం పేరు కల్పించుకున్నాను. బొలాంగియా. అట్లాంటి దేశం ఎక్కడా లేదని అట్లాసు మూడుసార్లు తిరగేసి చూసుకున్నాను. సాయంత్రం షాపుకు పోయి, "జావేదన్నా, బొలాంగియా రాజధాని ఏంది?" అని అడిగాను.

ఆయన చెయిన్‌కు నూనె పెడుతున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"సెల్వాడో," అన్నాడు. "ఆఫ్రికాకు పడమటి దిక్కు చిన్న దేశం. జీడిపప్పు బాగ పండుతది."

నేను పకపకా నవ్వాను. ఆయన కూడా నవ్వుతాడని, దొరికిపోయానని ఒప్పుకుంటాడని చూశాను. ఆయన నవ్వలేదు. నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా ముఖం చూసి, "నోట్ చేసుకో, పరీక్షల ఒస్తది," అన్నాడు. అప్పుడు నాకు భయమేసింది. ఆయన నన్ను మోసం చేయడం లేదు. చెప్పిన క్షణం నుంచి ఆయనకు అది నిజమైపోయింది. ఆయన పట్టిన కుందేలుకు మూడు కాళ్ళే, నాలుగో కాలు ఉందని కుందేలు వచ్చి చెప్పినా వినడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ నా నెత్తిమీద మొట్టి, "పెద్దోళ్ళకు పరీచ్చలు పెడుతవానే? సిగ్గులేదు," అంది. ఇంకెవరికీ చెప్పలేదు. మా ఊరికి ఉన్న ఒకే ఒక గొప్ప జావేదన్న. దాన్ని విరగ్గొట్టడానికి నాకు చేతులు రాలేదు. పైగా ఆయనంటే నాకు ఇష్టం. ఇది దాచుకోవలసిన సంగతి అనుకుని ఆరేళ్ళు దాచుకున్నాను.

ఇక జంగయ్య తాత గురించి చెప్పాలి. మా రేవులో పుట్టి నడిపేది ఆయనే. అంతకుముందు ఆయన తండ్రి నడిపాడు. తాతకు అంకెలు ఇరవై దాకా వచ్చేవేమో. వానాకాలంలో పొద్దున్నే రేవుకు వచ్చి, నీళ్ళు తగిలీ తగలని చోట మూడు గులకరాళ్ళు వరసగా పెట్టేవాడు. పక్కన కూర్చుని ఒక బీడీ కాల్చేవాడు. బీడీ అయిపోయేలోపు ఒక రాయి మునిగితే, "జర సూద్దాం," అనేవాడు. రెండు మునిగితే లేచి పుట్టి బోర్లించేవాడు. అంతటితో ఆ రోజు ప్రయాణం లేదు. మధ్యలో నీళ్ళలో చేయి పెట్టి వాసన చూసేవాడు, నురుగు ఎటు నుంచి వస్తుందో చూసేవాడు. ఎందుకు వద్దంటున్నావని అడిగితే మాత్రం చెప్పలేకపోయేవాడు.

"నాకేం ఎరుక. ఏరు ఒద్దంటుంది," అనేవాడు. అంతే.

ఆ మాట దినేష్‌కు మంట పుట్టించేది. దినేష్ గద్వాల మనిషి, సీడు పత్తి ఆర్గనైజరు, అంటే కంపెనీ కోసం రైతుల చేత విత్తనాల పత్తి వేయించేవాడు. చింతగడ్డలో ముప్పై ఎకరాలు సీడు పత్తి పెట్టించాడు. మా ఊరి ఆడవాళ్ళు క్రాసింగ్ పనికి అక్కడికి పోయేవాళ్ళు. ఆ పని గురించి తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. సాయంత్రం ఆడచెట్టు మీద రేపు విచ్చుకోబోయే మొగ్గలను ఏరి, గోటితో లోపలి పుప్పొడి కాడలు గిల్లేస్తారు. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ఆ పొద్దున రుద్దకపోతే మొగ్గ రాలిపోతుంది. రేపు రుద్దుదామంటే లేదు, అది ఒక్క పూట బతుకు. అట్లా నలభై, యాభై రోజులు ఒక్క రోజు కూడా ఆగకూడదు. తాత పుట్టి బోర్లించిన ప్రతి రోజూ వేల మొగ్గలు రాలిపోయేవి.

"ఏం లెక్క తాతా నీది? మూడు రాళ్ళు, ఒక బీడీ!" అని దినేష్ ఒక పొద్దున రేవులో అందరి ముందు అరిచాడు. "రెండు వేల మూడు నడుస్తుంది. ఇంకా గిట్లనేనా?"

షాపులో నుంచి జావేదన్న పేపరు పట్టుకుని వచ్చాడు. పైన డ్యాము నుంచి ఎన్ని క్యూసెక్కుల నీళ్ళు వదులుతున్నారో వానాకాలంలో రోజూ పేపర్లో వేస్తారు. ఆ అంకె చూపించాడు. అప్పటిదాకా మా ఊర్లో ఆ అంకెను ఎవరూ పట్టించుకోలేదు.

జావేదన్నను నేను తక్కువ చేయను. ఆ తర్వాత ఆయన చేసిన పని చదువుకున్నవాడు చేసే పనే. రెండు వానాకాలాలు ఒక నోటుబుక్కు పెట్టాడు. ఒక పక్క పేపర్లో అంకె, ఒక పక్క తాత రాళ్ళు ఎన్ని మునిగాయో రోజూ రాశాడు. రెండో ఏడాది చివర లెక్క తేల్చాడు. ముప్పై వేల క్యూసెక్కుల లోపు ఉంటే దాటవచ్చు, మించితే వద్దు. నోటుబుక్కులో ఆ ముప్పై వేల గీతకూ తాత రాళ్ళకూ నాలుగు రోజులు మాత్రమే తేడా వచ్చింది. ఆ నాలుగు రోజులు ఎందుకు తేడా వచ్చిందో ఆయన చూడలేదు. వందకు తొంభై ఏడు మార్కులు వచ్చాయని సంబరపడ్డాడు.

అప్పటి నుంచి నల్లబోర్డు మీద ప్రశ్న పోయి అంకె వచ్చింది. ఆరున్నర బస్సుకు పేపరు దిగేది, ఆరు నలభైకి బోర్డు మీద అంకె ఉండేది. ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు పట్టుకుని వచ్చి ఏటి వైపు కాదు, గోడ వైపు చూసేవాళ్ళు.

జంగయ్య తాత మొదట్లో కోపం చేశాడు. "అన్నీ తెలిసినమ్మ అమాస నాడు సచ్చిందంట," అని గొణిగేవాడు. తర్వాత ఆయన కూడా షాపు వైపు తొంగిచూడడం మొదలుపెట్టాడు. రాళ్ళు పెడుతుంటే కుర్రకారు నవ్వేవాళ్ళు. ముందు మూడు రాళ్ళు కాస్తా రెండయ్యాయి, తర్వాత ఒకటి. 2006 వానాకాలానికి రాళ్ళే లేవు. అంతకుముందు "ఏం రా జావేదూ" అనే మనిషి ఆ ఏడు నుంచి "సారూ" అనడం మొదలుపెట్టాడు. నా కళ్ళ ముందే అన్నాడు ఆ మాట మొదటిసారి. అరవై ఏళ్ళ ముసలాయన, ముప్పై ఆరేళ్ళ జావేదన్నను.

ఒకే ఒక్కసారి తాత ఒక ప్రశ్న అడిగాడు. "సారూ, ఈ అంకె యాల్లది? ఇప్పటిదా, నిన్నటిదా?"

జావేదన్న, "పేపరోళ్ళు అబద్ధం రాస్తరా తాతా?" అన్నాడు.

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు. అడిగినదానికి జవాబు రాలేదని అక్కడ ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. పేపర్లో ఆ అంకె కిందనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, ముందురోజు సాయంత్రం ఆరు గంటలకు అని.

ఆగస్టు వచ్చింది. పైన ఎక్కడో వానలు పడుతున్నాయని రేడియో చెప్తోంది. సోమవారం బోర్డు మీద ఇరవై వేలు. మంగళవారం ఇరవై రెండు. బుధవారం ఇరవై నాలుగు. గురువారం బంద్. ఎవరి బంద్ అన్నది ఇప్పుడు అనవసరం, ఆ ఏళ్ళలో మాకు బందులకు కొదువ లేదు. బస్సులు తిరగలేదు. నేను అప్పుడు గద్వాలలో ఇంటర్ రెండో ఏడు. కాలేజీ లేదు కాబట్టి అమ్మకు డబ్బా అందించడానికి రేవుకు పోయాను. మబ్బు పట్టి ఉంది కానీ చినుకు లేదు. ఏటి మీద గాలి లేదు. రోజూ ఒడ్డున ఉండే కొంగలు ఆ పొద్దున ఒక్కటి కూడా లేవు. ఆ సంగతి నేను అప్పుడే గమనించాను, కానీ దానికి ఏం అర్థం చెప్పుకోవాలో నాకు ఎవరూ నేర్పలేదు.

బోర్డు ఖాళీగా ఉంది. జావేదన్న షాపు ముందు నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు. బస్సు రాదని ఆయనకు తెలుసు. అయినా చూస్తున్నాడు.

ఏడయింది. ఆడవాళ్ళు పది మంది పోగయ్యారు. మా అమ్మ ఉంది, మా పక్కింటి సాయమ్మ ఉంది. దినేష్ మోటారుసైకిల్ స్టాండు వేసి, "యాళైతుంది, యాళైతుంది, నిన్న తీసిన మొగ్గలు పోతయి," అని గోల చేస్తున్నాడు. జంగయ్య తాత వంగి నీళ్ళలో చేయి పెట్టాడు. వాసన చూశాడు. మళ్ళీ పెట్టాడు. లేచి తడి చేయి అట్లాగే పట్టుకుని షాపు దగ్గరికి వచ్చాడు.

"సారూ, ఎంత ఇయ్యాల?"

నేను జావేదన్నకు మూడు అడుగుల దూరంలో ఉన్నాను. ఆయన ముఖం నాకు బాగా కనబడింది. ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, ఆయన పెదవి కదిలింది. ఆ మాట వస్తుందేమో అనుకున్నాను. పది మంది ఆడవాళ్ళు ఆయన వైపే చూస్తున్నారు. దినేష్ చూస్తున్నాడు. ఆయన సుద్దముక్క తీసి బోర్డు మీద రాశాడు. 26,000.

"ఇరవయ్యారు వేలు తాతా. ముప్పై లోపే."

తాత కదలలేదు. "నీళ్ళు జర ఎర్రగున్నయి సారూ. నురుగు గూడ ఒస్తుంది."

"పైన వాన పడ్డది గద. ఒడ్డు మట్టి కొట్టుకొస్తది. దానికి దీనికి సంబంధం లేదు," అన్నాడు జావేదన్న, ఎప్పటిలాగే, మాట కింద పడకముందే.

తాత తన చేయి వైపు చూసుకున్నాడు. తర్వాత ఆ చేతిని పంచెకు తుడుచుకుని పుట్టి దగ్గరికి నడిచాడు.

నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. "అమ్మా, ఇయ్యాల పేపరు రాలేదే. బంద్ గద," అని చెవిలో చెప్పాను.

"ఫోన్ల కనుక్కున్నడేమో. జావేదుకు తెల్వకుంటదా?" అంది అమ్మ.

"లేదమ్మా, ఇయ్యాల ఒద్దు. నా మాట ఇను."

"పిచ్చిదానా, నిన్న నేను తీసిన మొగ్గలే రెండు వేలుంటయి. అవన్నీ రాలుతయి. నువ్వు ఇంటికి పోయి సదువుకో." డబ్బా నా చేతిలో నుంచి తీసుకుని, నా చెంప మీద తట్టి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని పుట్టిలో ఎక్కింది.

నేను గట్టిగా ఒక్క మాట అని ఉంటే చాలు. "ఆయన అబద్ధం చెప్తుండు, పేపరు రాలేదు," అని అరిచి ఉంటే తాత ఆగేవాడు. తాతకు ఆగాలనే ఉంది, ఆగడానికి ఎవరైనా ఒక మాట అందిస్తారేమోనని తెడ్డు పట్టుకుని వెనక్కి కూడా చూశాడు. నేను అరవలేదు. ఎందుకు అరవలేదో నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి జవాబు ఉంది. సిగ్గుపడ్డాను. నాకు గాలి ఫ్రీ ఇస్తానన్న మనిషిని, నా చేత పుస్తకాలు చదివించిన మనిషిని, అంతమంది ముందు అబద్ధాలకోరు అనడానికి సిగ్గుపడ్డాను. మా అమ్మ ప్రాణం కంటే ఆ నిమిషం నాకు జావేదన్న పరువు పెద్దదైంది. దీనికి నన్ను నేను క్షమించుకోలేదు, క్షమించుకోను.

పుట్టి సగం దూరం పోయేదాకా ఏమీ కాలేదు. తర్వాత ముందుకు పోవడం ఆగి, ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టింది. రేవు దగ్గర నా చెప్పులు తడిశాయి. నేను ముందుకు అడుగు వేయలేదు, నీళ్ళే నా దగ్గరికి వచ్చాయి. పైనుంచి ఒక చెట్టు, వేళ్ళతో సహా, కొట్టుకొచ్చింది. తాత తెడ్డుతో దాన్ని పక్కకు నెట్టబోయాడు. ఆడవాళ్ళందరూ భయంతో ఒకే పక్కకు జరిగారు. ఎవరి అరుపు ఎవరిదో తెలియలేదు. ఆ తర్వాత పుట్టి బోర్లా కనబడింది, తాత ప్రయాణం వద్దన్న రోజుల్లో ఒడ్డున బోర్లించినట్టే.

కింద బండల దగ్గర చేపలవాళ్ళు ఎనిమిది మందిని లాగారు. జంగయ్య తాత, సాయమ్మ, మా అమ్మ దొరకలేదు. రెండో రోజు బీచుపల్లి వంతెన దగ్గర దొరికారు. డ్యాము గేట్లు ఆ తెల్లవారుజామునే ఎత్తారని, నీళ్ళు లక్ష దాటాయని మూడో రోజు పేపర్లో వచ్చింది.

నేను చెప్పబోయేది నమ్మండి. జావేదన్నను ఎవరూ ఒక్క మాట అనలేదు. బంద్ పెట్టినవాళ్ళను తిట్టారు. గేట్లను తిట్టారు. గంగమ్మకు ఆ ఏడు మొక్కు తప్పిందని కొందరన్నారు. "జావేదు లెక్క కరెక్టే, ఏరే తప్పింది," అని ఒకాయన మా ఇంటి ముందు నిలబడి అన్నాడు. ఆ పొద్దున పేపరు రాలేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అది తెలిసినవాళ్ళం ఇద్దరమే.

పదకొండో రోజు అయ్యాక నేను షాపుకు పోయాను. సగం షట్టరు వేసి ఉంది. ఆయన లోపల స్టూలు మీద కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇరవయ్యారు వేలు యాడికెళ్ళి తెచ్చినవన్నా?" అని అడిగాను.

మాట కింద పడింది, ఆయన చూస్తుండగానే పడింది.

"ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు," అన్నాడు చివరికి. "తర్వాత ఇరవయ్యారు. నంబర్ సిరీస్."

పోటీ పరీక్షల పుస్తకంలో ఉంటుంది అది. వరసలో తర్వాతి అంకె ఏది? నాకు కూడా ఆయనే నేర్పాడు.

"తాత అడిగినప్పుడు తెల్వదంటే ఏమైతుండె?"

"నోరు రాలే సిందూ. గందరు సూస్తుంటె నోరు రాలే."

"నాకు ఎరుకనే. పేపరు రాలేదని నాకు ఎరుకనే. నేను గూడ నోరిప్పలే," అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. "నిన్ను నేను సూసిన. నీకు ఎరుకనే అని నాకు ఎరుక. నువ్వు జెప్తవని రాసిన్నో, జెప్పవని రాసిన్నో..." అని ఆగిపోయాడు. "తెల్వదు బిడ్డా. నాకు తెల్వదు."

అదే మొదటిసారి. ముఖం గోడ వైపు తిప్పుకుని, చిన్న పిల్లవాడిలా ఏడ్చాడు. నాకు జాలి వేసింది, అసహ్యం కూడా వేసింది, ఏది ఎక్కువో చెప్పలేను. నేను ఏడవలేదు. షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చేశాను.

ఇరవై రోజులకు కొత్త పుట్టి వచ్చింది. క్రాసింగ్ ఇంకా పది పన్నెండు రోజులు మిగిలి ఉంది. జంగయ్య తాత తమ్ముడి కొడుకు చెన్నయ్య తెడ్డు పట్టాడు. నేను కాలేజీకి పోవడానికి బస్సు దగ్గర నిలబడి ఉన్నాను. పేపరు నా చేతిలోనే ఉంది. ఆడవాళ్ళు వచ్చారు. ఏట్లో నుంచి బతికి వచ్చినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు, మొగ్గ ఆగదు కాబట్టి కడుపూ ఆగదు. అందరూ అలవాటుగా గోడ వైపు చూశారు. బోర్డు తుడిచి ఉంది. చెన్నయ్య కూడా ఏటి వైపు చూడకుండా గోడ వైపే చూశాడు.

"సిందూ, పేపరు నీ తాననే ఉంది గద. ఎంతుందో జెప్పు," అన్నాడు.

పేపర్లో పంతొమ్మిది వేలు అని ఉంది. నేను ఆ అంకె చూశాను, దాని కింద చిన్న అక్షరాలు చూశాను.

"ఇది నిన్న పొద్దుగూకినప్పటి లెక్క చిన్నాయినా. ఇప్పుడెంతుందో నాకు తెల్వదు. నువ్వే ఏట్ల దిగి సూడు."

"నేనేం సూడాలె? మా పెదనాయిన నాకేం జెప్పిండు? నేనొచ్చేసరికి రాళ్ళే లేవు," అన్నాడు చెన్నయ్య విసుగ్గా.

"ఇంటర్ సదివి గిది గూడ తెల్వదా?" అంది ఒకామె. "మీ అమ్మ రెక్కలు ముక్కలు చేసుకుని ఎందుకు సదివిచ్చిందే నిన్ను?" అంది ఇంకొకామె. ఆమె కోపంతో అనలేదు, నిజంగా బాధపడి అంది. అందుకే ఎక్కువ తగిలింది.

దినేష్ మోటారుసైకిల్ దిగకుండానే, "ఇరవై లోపే, ఇరవై లోపే, పోండ్రి," అన్నాడు. ఆయన పేపరు చూడలేదు. ఏటి వైపు కూడా చూడలేదు. అందరి ముఖాలూ తేటపడ్డాయి. డబ్బాలు సర్దుకుని పుట్టి వైపు నడిచారు.

అప్పుడు షట్టరు చప్పుడైంది. జావేదన్న బయటికి వచ్చాడు. "జర ఆగుండ్రి," అన్నాడు. "ఎవ్వరికీ తెల్వదు. దినేష్‌కు తెల్వదు. నాకూ తెల్వకుండె ఆ పొద్దు. నేను ఉత్తగ రాసిన. ఇంటున్నరా? ఉత్తగ రాసిన."

ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. "పాపం, సారుకు మనసు బాగలేదు," అన్నాడు దినేష్. ఒక పెద్దామె జావేదన్న దగ్గరికి వచ్చి, "నీ తప్పేం లేదు తమ్మీ, మనాది పెట్టుకోకు," అని భుజం తట్టి పోయింది. పుట్టి కదిలింది.

నేను బస్సు ఎక్కలేదు. జావేదన్న, నేను ఒడ్డున నిలబడి ఆ పుట్టి అటు చేరేదాకా చూశాం.

ఆ రోజు వాళ్ళు క్షేమంగానే దాటారు. సాయంత్రం నవ్వుకుంటూ తిరిగి వచ్చారు. మర్నాడు పొద్దున రేవుకు వచ్చి మళ్ళీ దినేష్‌నే అడిగారు.